తలుపు మీది చెయ్యి

పొద్దుగూకాక పాత బురుజు వైపు ఎవరూ వెళ్లరు. దాని తలుపు మీద చెక్కిన అరచెయ్యి ఉంది చూశారూ — బస్సుల మీదా, నీటి బిల్లుల మీదా కనిపించే మన నగర చిహ్నం — అది రాత్రిళ్లు తలుపు కొడుతుందట. ఎప్పుడో ఒక దొంగ చెయ్యి నరికి అక్కడ మేకు దించారనీ, అదే చిహ్నమైందనీ చెప్పుకుంటారు.

ఆ కథ పుట్టించింది ఎవరో కాదు, బురుజు చూపించే గైడే. అతన్ని పెంచిన పిన్ని చెప్పిన కథ వేరు. పూర్వం ఒక కాపలావాడు ఇంటికెళ్లే తొందరలో చూసుకోకుండా తాళం వేశాడట. లోపల ఉండిపోయిన ముసలాయన తెల్లార్లూ తలుపు బాదాడు. విన్నవాళ్లు దెయ్యమనుకుని తప్పుకున్నారు. పొద్దున తలుపు తీసి చూస్తే ఏముంది... ఊరంతా సిగ్గుతో తలదించుకుని ఆ చేతిని చెక్కించింది. అప్పటినుంచీ తాళం వేసేవాడు ఆ చేతి మీద తన చెయ్యి ఆనించి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి, జవాబు కోసం ఆగాలి.

గైడుకి ఈ కథ మరీ చప్పగా తోచింది. చూడ్డానికొచ్చినవాళ్లు దొంగ కథకే నోరెళ్లబెట్టేవారు మరి. రోజూ సాయంత్రం తాళం వేసేదీ అతనే; ఆ కేక వెయ్యడం కూడా ఎప్పుడో మానేశాడు.

ఒక రాత్రి స్నేహితుడింట్లో భోంచేసి, దగ్గరదారి కదా అని అటే వచ్చాడు. తను అల్లిన కథకి తనే జడిస్తే నలుగురూ నవ్విపోరూ. ధైర్యం కోసం గట్టిగా దగ్గాడు.

టక్... టక్...

ఆగి అటూ ఇటూ చూశాడు. వీధిలో నరమానవుడు లేడు.

టక్ — టక్ — టక్...

చప్పుడు తలుపు లోంచే. వీధి దీపం వెలుతురులో ఆ చెయ్యి కదల్లేదు... కదిలినట్టే ఉంది. దాని వెనకే ఒక బొంగురు మూలుగు. తాళంచెవి అతని జేబులోనే ఉంది, ఆ సంగతి గుర్తుంది కూడా. అయినా చెప్పులు చేతబట్టుకుని పరుగు లంకించుకున్నాడు.

పొద్దున్నే టీకొట్టు దగ్గర గొప్పగా చెప్పాడు. "నిన్న నా చెవులతో విన్నాను..."

"మేమూ విన్నాం," అన్నాడు టీకొట్టాయన. "తలుపులు బిగించుకున్నాం."

వాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చి తాళం తీశాడు.

కింది మెట్టు మీద, చీపురు పక్కన, పిన్ని కూర్చుని ఉంది. రోజూలాగే సాయంత్రం పై గది ఊడుస్తూ లోపలే ఉండిపోయింది. వేళ్ల కణుపులు దోక్కుపోయాయి. గొంతు లేదు.

వెనకున్నవాళ్లు నేలచూపులు చూశారు. గైడుకి భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది.

"పిన్నీ... దెయ్యమనుకున్నాను..."

"నీ దగ్గు విన్నానురా," గుసగుసగా అందావిడ. "హమ్మయ్య, మావాడొచ్చాడు అనుకున్నా."

అతను చీపురు పక్కకి జరిపి ఆవిడ పక్కన కూలబడ్డాడు.

"ఆ తరవాత ఇక కొట్టలేదు. నువ్వే పారిపోయాక ఇంకెవరొస్తారని..."