ఎంగిలి చేత్తో చెప్పిన కోడ్

ఉదయం పదిన్నరకి బాస్ తలుపు వేసి, గొంతు తగ్గించి అన్నాడు: "గొడుగు తడిసింది."

శత్రువు లోపలికి వచ్చాడని ఆ కోడ్ మాటకి అర్థం. ఏజెంట్ తాబేలు సర్దుకుని కూర్చున్నాడు.

బ్రీఫింగ్ చిన్నదే. పన్నెండుకి డ్యామ్ గేట్లు ఎత్తుతారు. దిగువ కాలనీ జనం ప్రభుత్వ యాప్ మొహం కూడా చూడరు. నీటిమట్టం కొలిచే ఉద్యోగిని ఒకావిడ నడిపే పేజీనే నమ్ముతారు. పదకొండున్నరకి ఆ పేజీని ఒక విదేశీ ముఠా మాయం చేయబోతోంది. అదీ పుకార్లు తొలగించడానికి ప్రభుత్వమే కట్టుకున్న పోర్టల్ నుంచి. జనం మునగాలి, ప్రభుత్వం మీద తిరగబడాలి, అదీ ప్లాన్. ఎవరో ఇద్దరు ఆఫీసర్ల కీలు, అంటే వాళ్ల రహస్య కోడ్‌లు, లీకయ్యాయి. అన్ని కీలూ ఆపితే హెచ్చరికలూ ఆగిపోతాయి. ఒక్కరెవరో తేలితే చాలు.

తేల్చడానికేముంది? ఆ ఇద్దరిలో ఒకడు తాబేలే. పోస్టు గానీ పేజీ గానీ తీసేయాలంటే ఇద్దరు ఆఫీసర్ల కోడ్‌లు కావాలని రూలు. భోజనాల వేళ ఏదైనా తీసేయమని ఆర్డర్ వస్తే ఎంగిలి చేతులతో ఎవరు లేస్తారు? కోడ్‌లు పైకి చదివేవారు, చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు టైప్ చేసేవారు. ఆ పేజీలుండే సోషల్ మీడియా కంపెనీ తరఫున వచ్చి కూర్చునే, ఎప్పుడూ డైటింగ్‌లో ఉండే లాయరమ్మ చేతులే ఖాళీ. ఆఫీసంతా ఆమెని ముత్యం అని ముద్దుగా పిలిచేది.

పైగా ఆ పేజీ నడిపేది తాబేలు సొంత అక్క. ఆర్నెల్ల కిందట గేటుకి పగులుందని ఆవిడ పెట్టిన పోస్టుని పుకారని తీసేయించింది ఈ మహానుభావుడే. పగులు నిజమేనని తర్వాత తేలింది. అప్పటినుంచి అక్కకి మొహం చూపించలేక అటు వెళ్లడమే మానేశాడు.

బాస్‌కి ఏమీ చెప్పలేదు. గుట్టుచప్పుడు కాకుండా సర్దేద్దామని ఏసీ మెకానిక్ వేషం వేశాడు, చొక్కా గుండీలో కెమెరా పెట్టుకున్నాడు, ముత్యం ఆఫీసులో దూరాడు. పదకొండు ఇరవై ఆరు.

ముత్యం ల్యాప్‌టాప్ మూయలేదు. ఆర్డర్ ఎప్పుడో వెళ్లిపోయిందట, ఇక ఆపడం తన చేతిలో కూడా లేదట.

"నీ కీ రద్దయితే ఆగుతుంది. దానికి మాటలు రికార్డయ్యే ఆఫీసు ఫోన్ లైన్‌లో నీ పేరు నువ్వే చెప్పుకోవాలి. అక్కకే చెప్పుకోలేనివాడివి, బాస్‌కేం చెప్తావు?"

ఆమె లెక్క తప్పేమీ కాదు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. ఫోన్ తీశాడు. నంబర్ నొక్కడానికి మూడు నిమిషాలు పట్టింది. పేరు ఊరికే పెట్టలేదు మరి.

"సార్, ఆ కీ నాదే. అన్నం తింటూ నేనే చదివి వినిపించాను."

అవతల బాస్ కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత కీబోర్డు చప్పుడు. పదకొండు ఇరవై తొమ్మిది, యాభై ఎనిమిది సెకన్లకి స్క్రీన్ మీద ఆర్డర్ ఎర్రబడి ఆగిపోయింది. గుండీ కెమెరా చూపించిన దారిలో వచ్చిన బాస్ మనుషులు ముత్యాన్ని తీసుకెళ్లారు. తాబేలు గుర్తింపు కార్డు కూడా వాళ్లే తీసుకున్నారు.

సాయంత్రానికి కాలనీలో నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. ఇళ్లలో మాత్రం ఎవరూ లేరు. మిట్ట మీద అందరినీ లెక్కపెట్టుకుంటున్న అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, అప్పుడు నీ పోస్టు తీసేయించింది నేనే."

"తెలుసురా. నువ్వే చెప్తావని చూస్తున్నాను." లెక్క ఆపి అడిగింది: "మరి ఇవాళ్టి పోస్టు ఉంచుతావా, తీసేస్తావా?"

"ఇక ఆ అధికారం నాకు లేదక్కా. ఉద్యోగం పోయింది."

"అమ్మయ్య," అంది అక్క.