రెండు వైపులా టక్‌మనాలి

"అసెంబుల్ చేసి ఇవ్వద్దండి. విడి సామాను ఇవ్వండి, నేనే బిగించుకుంటాను."

గుంటూరు అరండల్‌పేటలోని ఆ కంప్యూటర్ షాపులో త్రినాథ్ పనిలో చేరాక ఇలాంటి మాట ఏ కస్టమరూ అనలేదు. తడిసిన గొడుగు గుమ్మం బయట దులుపుకుని, తల్లిని వెంటబెట్టుకొచ్చిన అమ్మాయి అనేసరికి అతనికి నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నారు?"

"అబ్బే, మిక్సీ అయితే బిగించుకోవచ్చు గానీ..."

"పదమ్మా, పక్క షాపుకి పోదాం."

త్రినాథ్ గబగబా కౌంటర్ దాటి వచ్చాడు. "సారీ అండి. కూర్చోండి. కంప్యూటర్ దేనికో చెప్తే దానికి తగ్గ సామాను చూపిస్తాను."

ఆ అమ్మాయి పేరు హేమశ్రీ. వాళ్ళది చీరాల. తండ్రి రోశయ్య చేనేత పనివాడు. చీర అంచులకి డిజైన్ గీయాలంటే ఆ వీధిలో ఆయన తర్వాతే ఎవరైనా. గ్రాఫ్ కాగితం మీద గడి తర్వాత గడి నింపుతూ నెమళ్ళని ఆడించేవాడు. ఏడాదిగా ఆ చేతికి వణుకు పట్టుకుంది. పెన్సిల్ పక్క గడిలోకి జారిపోతోంది. మందులు వాడినా తగ్గలేదు. ఆయన డిజైన్లు గీయడం మానేసి, మాట్లాడటం కూడా తగ్గించేశాడు.

"కంప్యూటర్ ఉంటే నాన్న పక్కన కూర్చుని చెప్తారు, నేను గళ్ళు నింపుతాను. కాలేజీ ల్యాబ్‌లో చేసి చూశాను, వస్తుంది" అంది హేమశ్రీ.

"బాగుందండి. మరి బిగించడం మాత్రం మేం చేసిస్తే..."

"పాడైన ప్రతిసారీ గుంటూరు పరిగెత్తుకు రావాలా? లోపల ఏముందో నాకు తెలియాలి."

త్రినాథ్ ఇక నవ్వలేదు. డబ్బాలు ఒక్కొక్కటే దించాడు.

"మీరు గేమ్స్ ఆడరు కాబట్టి వేరే గ్రాఫిక్స్ కార్డు వద్దు. ఆ ఖర్చేదో మంచి మానిటర్ మీద పెట్టండి, మీ నాన్నగారి కళ్ళకి హాయి. పవర్ సప్లై మాత్రం చౌకది తీసుకోకండి. అది పోతూ పోతూ మిగతావాటిని తీసుకుపోతుంది. ఇక బిగించేటప్పుడు, ఏది ముట్టుకోబోయినా ముందు క్యాబినెట్ ఇనుముని తాకండి. ఒంట్లో కరెంటు పోతుంది."

"ఒంట్లో కరెంటేంటయ్యా!" హేమశ్రీ తల్లి పేరమ్మ ఉలిక్కిపడింది.

"పాలిస్టర్ చీర మడతేస్తుంటే చిటపటమంటుంది చూడండి, అదేనండి."

"మా ఇంట్లో పాలిస్టర్ చీరా!" పేరమ్మ మొహం చూసి హేమశ్రీ మొదటిసారి నవ్వింది. త్రినాథ్ చెప్పేది మర్చిపోయాడు.

"ఆ... ఏం చెప్తున్నాను?"

"ఇనుము తాకమన్నారు."

"అవునవును. మదర్‌బోర్డు కింద ఈ ఇత్తడి కాళ్ళు బిగించాలి. బోర్డు నేరుగా రేకుకి తగిలితే షార్ట్ అవుతుంది. ప్రాసెసర్ మూలన గుర్తుంటుంది, సాకెట్ మీది గుర్తుతో కలిపితే దానంతటదే కూర్చుంటుంది. నొక్కకూడదు."

"అసలు దేన్నీ నొక్కకూడదా?"

"ర్యామ్ పట్టీని మాత్రం గొళ్ళేలు పడేదాకా నొక్కాలి. రెండు వైపులా టక్‌మనాలి."

శనివారం మధ్యాహ్నం షాపుకి ఫోనొచ్చింది.

"మీరిచ్చిన ర్యామ్ పాతదండి! స్విచ్ వేస్తే ఒకటే కూత. తెర మీద ఏమీ రావట్లేదు."

"అన్నీ సీలు తీయని డబ్బాలేనండి..."

"మూడుసార్లు తీసి పెట్టాను. నమ్మి కొన్నందుకు మంచి పని చేశారు." ఆ గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువగా వినిపించింది.

"రేపు ఆదివారమే కదండీ, కొత్తది పట్టుకుని నేనే వస్తాను" అన్నాడు త్రినాథ్.

పొన్నూరు, బాపట్ల దాటుకుంటూ బస్సు చీరాల చేరేసరికి వాన మొదలైంది. హేమశ్రీ ఇంట్లో అప్పటికే ఇరుగుపొరుగు పోగయ్యారు. "ఆడపిల్ల బిగిస్తే కూయక ఏం చేస్తుంది?" అంటోంది పక్కింటి వీరమ్మ. రోశయ్య మగ్గం దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు.

ర్యామ్ ఒక చివర గొళ్ళెం సగమే మూసుకుని ఉండటం త్రినాథ్‌కి చూడగానే కనబడింది.

"నువ్వైనా బాగుచెయ్యి నాయనా" అంది వీరమ్మ.

త్రినాథ్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "హేమశ్రీ గారూ, కొత్తది తర్వాత చూద్దాం. ఉన్నదాన్నే ఇంకోసారి తీసి పెట్టండి. రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కండి."

"విరిగితే?"

"విరిగితే పూచీ నాది."

ఆమె పళ్ళు బిగించి నొక్కింది. టక్. ఇంకాస్త నొక్కింది. రెండో వైపు కూడా టక్.

స్విచ్ వేయగానే చిన్నగా ఒకే ఒక్క కూత వినిపించింది. తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి. రోశయ్య మగ్గం గుంటలోంచి లేచొచ్చి కూతురి కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చిందా అమ్మా?" అన్నాడు. ఆయన గొంతు విని చాలా కాలమైందేమో, పేరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

భోజనాల దగ్గర హేమశ్రీ మెల్లిగా అడిగింది. "మీకు చూడగానే తెలిసింది కదా? మీరే నొక్కేయొచ్చుగా?"

"నేను ముట్టుకుంటే, ఈ కంప్యూటర్ గుంటూరు నుంచి వచ్చినతను బిగించాడనేవాళ్ళు."

హేమశ్రీ నేతి గిన్నె అందుకుంది. "పాతదన్నందుకు సారీ" అని పప్పు మీద ఇంకో గరిటె నెయ్యి వేసింది.

ఆ తర్వాత ఆదివారాల్లో త్రినాథ్ చీరాలలో పనులు కల్పించుకున్నాడు. యాంటీవైరస్ వేయాలని ఒకసారి, యూపీఎస్ చూడాలని ఒకసారి, మౌస్ ప్యాడ్ ఇవ్వాలని ఇంకోసారి. వచ్చినప్పుడల్లా తండ్రీకూతుళ్ళు తెర ముందే ఉండేవారు. "రెండు గళ్ళు పైకి... ఆ ముక్కు కొంచెం వంచు" అని రోశయ్య చెప్తుంటే, తెర మీద హంస ఒళ్ళు విరుచుకునేది.

ఆ హంసల అంచు మగ్గమెక్కిన రోజు హేమశ్రీ అడిగేసింది. "ఈ వారం ఏం పాడైంది త్రినాథ్ గారూ?"

"ఏం పాడవలేదండి. చూసి పోదామని వచ్చాను."

"దేన్ని?"

అతను గొంతు సవరించుకున్నాడు. "మిమ్మల్నే. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది. ఇష్టం లేకపోతే చెప్పేయండి, మళ్ళీ రాను."

పక్క గదిలో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

హేమశ్రీ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు ఇష్టమే" అంది. "కానీ నాన్న డిజైన్లు ఆగకూడదు. వారంలో సగం రోజులు నేనిక్కడే ఉంటాను. ఒప్పుకునేవాళ్ళైతేనే."

"నేను ఒప్పుకుంటాను."

"మీ ఇంట్లోవాళ్ళు?" ఈసారి అడిగింది లోపల్నుంచి రోశయ్య. "మీవాళ్ళు సేద్యం చేసుకునేవాళ్ళు, మావాళ్ళు మగ్గం మీద బతికేవాళ్ళు. ముందు వాళ్ళకి చెప్పి, తీసుకురా అబ్బాయ్."

త్రినాథ్ వాళ్ళది ప్రత్తిపాడు. మిరప, పత్తి వేస్తారు. తండ్రి అంకమ్మరావు వారం రోజులు కొడుకుతో మాట్లాడలేదు. తల్లి సుబ్బరావమ్మ మాత్రం "పిల్లని చూడకుండా కాదంటానికి మనమెవరం?" అని మొగుణ్ణి బస్సెక్కించింది.

చీరాలలో కాఫీలయ్యాక సుబ్బరావమ్మ హేమశ్రీనే సూటిగా అడిగింది. "పెళ్ళయ్యాక ఈ పని మానేస్తావా అమ్మా?"

"మాననండి" అంది హేమశ్రీ.

"మానకు" అంది సుబ్బరావమ్మ. "నాకు పెళ్ళికి ముందు టీచరుద్యోగం వచ్చింది. పొలం ఎవరు చూస్తారని మాన్పించారు. ఇప్పటికీ బడి గంట వినబడితే చేతిలో పని ఆగిపోద్ది."

అంకమ్మరావు ఖాళీ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మంచి రోజు చూడమని చెప్దాం, ఏమంటారు రోశయ్య గారూ?" అన్నాడు.

హేమశ్రీ సుబ్బరావమ్మ చెయ్యి పట్టుకుని లేపింది. కంప్యూటర్ ముందు తన కుర్చీలో కూర్చోబెట్టి, మిరపకాయలు కోసి కోసి గరుకెక్కిన ఆ అరచేతి కింద మౌస్ పెట్టింది.

"మీకు నచ్చిన రంగు నింపండి అత్తయ్యా" అంది.