పక్కనొప్పి రాయి

శశికాంత్ మొదటిరోజే తప్పులో కాలేశాడు. ఇర్వింగ్ ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి బ్యాడ్జి చూసి, "హాయ్ జేడ్!" అన్నాడు హుషారుగా.

"జేడ్ కాదు, హాదే. స్పానిష్ పేరు," అందామె కళ్ళు చిన్నవి చేసి.

"హా, అదేలే! పచ్చరాయేగా అర్థం?"

"ఆ రాయికే ఆ పేరెందుకొచ్చిందో చెబితే నవ్వుతావు."

"ఒట్టు, నవ్వను."

"అందరూ ముందు అలాగే అంటారు. గూగుల్ చేశావంటే ఫ్రెండ్‌షిప్ కట్!"

ఆ అర్థం కోసం మొదలైన బతిమాలుడు కాఫీకి, కాఫీ కాస్తా రోజూ లంచ్‌కి పాకింది. ఇంతలో హాదేకి ఎక్కడో దూరాన క్యారీ అనే ఊరికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. సోమవారానికల్లా అవునో కాదో చెప్పాలి.

శుక్రవారం లంచ్‌లో మనసులో మాట చెప్పేద్దామని శశికాంత్ చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చాడు. పొద్దున మీటింగ్ మధ్యలోనే నడుం పక్కన ఎవరో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పినట్టయింది. కుర్చీతో సహా కిందపడ్డాడు.

హాదే అతన్ని తన కార్లో ఎక్కించుకుని బయల్దేరింది. హైవే మీద కుండపోత వాన.

"హా..." అని అరిచాడు శశికాంత్.

"ఇప్పుడు కరెక్ట్‌గా పలికావు. ఇంకాస్త అరిస్తే 'దే' కూడా వస్తుంది."

"చచ్చేలోగా అర్థమైనా చెప్పు తల్లీ!"

ఆమె వైపర్ల స్పీడు పెంచింది. "ఈ రాయి నడుం పక్కన పెట్టుకుంటే నొప్పి పోతుందని మెక్సికోలో మావాళ్ళు నమ్మేవారట. స్పెయిన్ వాళ్ళు దానికి 'పియెద్రా దె ఇహాదా' అని పేరు పెట్టారు. పక్కనొప్పి రాయి అని. ఆ ఇహాదాయే నలిగి నలిగి జేడ్ అయింది."

శశికాంత్ మెలికలు తిరుగుతూనే పడీపడీ నవ్వాడు.

హాదే మొహం ముడుచుకుపోయింది. "స్కూల్లోనూ ఇలాగే నవ్వారు," అంది. హాస్పిటల్ దాకా కళ్ళు రోడ్డు మీంచి తిప్పలేదు.

కిడ్నీలో రాయి అని తేల్చాడు డాక్టర్.

"సారీ హాదే. నవ్వింది నీ పేరుకి కాదు, నా ఖర్మకి," అన్నాడు శశికాంత్ మంచం మీంచి. "ఇవాళ లంచ్‌లో ఐ లవ్ యూ చెబుదామనుకున్నా. క్యారీ వెళ్ళకు."

"ఇది నువ్వంటున్నావా, ఇంజెక్షన్ అంటోందా?"

"ఇంకా ఇవ్వలేదమ్మా," అంది నర్సు సిరంజి సిద్ధం చేస్తూ.

హాదేకి నవ్వాగలేదు. "ఆ జాబ్ ఇక్కణ్ణుంచే చేస్తానని అడుగుతాను. నీకోసమేం కాదు. నాకు సామాన్లు సర్దడం బద్ధకం." అంటూనే అతని చెయ్యి పట్టుకుంది.

అప్పుడే గుంటూరు నుంచి అమ్మ నళిని వీడియో కాల్. సంగతంతా విని ఆవిడ కంగారుపడింది. తర్వాత స్క్రీన్‌లో కనిపిస్తున్న చేతుల్ని కాసేపు చూసింది.

"పొద్దుటి నుంచీ నీ వెంటే ఉందన్నావు. ఆ పిల్ల ఏమైనా తిందా?"

"అడగలేదమ్మా."

"అయ్యో, బుద్ధుందా? ముందు ఆ అమ్మాయికి ఏదైనా తెప్పించరా. నీ రాయి ఎక్కడికీ పోదులే!"

"ఏమంటున్నారు మీ అమ్మ?" అంది హాదే భయంభయంగా.

"పార్టీ మారిపోయింది," అన్నాడు శశికాంత్.