ఆ రాయిలో పసుపు ఎవరిది?

“కాస్త వెనక్కి జరగవయ్యా మొతుసీ! నీ పసుపు చొక్కా రంగంతా రాయిలో పడుతోంది,” అంది సెతున్యా.

మొతుసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అంతకన్నా కదలడానికి మనసొప్పలేదు. గాబరోన్ నగరపు మెయిన్ మాల్‌లోని ఆ నగల షాపులో ఉంగరాలు చేసే పని అతనిది. వజ్రాల రంగు తేల్చి చెప్పే పని సెతున్యాది.

ఆమె దక్షిణపు కిటికీ వెలుతురులో, మడిచిన తెల్లకాగితం మీద రాళ్లను బోర్లించి చూపిస్తోంది. ఎదురుగా తిరెలో. పశువుల డాక్టరు, పెళ్లి ఉంగరానికి రాయి ఎంచుకోవడానికొచ్చాడు. ఆజానుబాహువు, నవ్వితే బుగ్గన సొట్ట. ఎప్పుడొచ్చినా “సెతున్యాగారున్నారా?” అనే అడుగుతాడు, షాపులో ఇంకెవరూ మనుషులు కానట్టు.

“పైనుంచి చూస్తే మెరుపు కళ్లు కప్పేస్తుంది సార్. పక్కనుంచి చూడండి. ఇది డి రంగు, నీళ్లలా ఉంది. ఇది హెచ్, ఉందా లేదా అన్నంత ఛాయ. ఇది ఎమ్, తేనె చుక్క కలిపినట్టు లేదూ?”

“మీరైతే ఏది పెట్టుకుంటారు?”

మొతుసి చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

“నేనైతే హెచ్. పసుపు బంగారంలో పొదిగితే ఆ ఛాయ కనబడనే కనబడదు. డి కొనే డబ్బుతో ఇంకాస్త పెద్ద రాయే వస్తుంది.”

“మీ వేలికి ఏదైనా అందమే లెండి!”

సెతున్యా నవ్వింది. మొతుసికి ఒళ్లు మండిపోయింది. లేచి వచ్చి కాగితం మీదికి వంగాడు.

“హెచ్ అంటే పసుపే సార్. కావాలంటే చూడండి! పెళ్లికూతురి వేలికి ఇదా?”

నిజమే, రాయి పసుపుపచ్చగా కనిపించింది. తిరెలో మొహం వాడిపోయింది. ఆలోచించుకుని వస్తానని వెళ్లిపోయాడు.

“నా మాటని అబద్ధం చేశావు. ఎందుకు?” అంది సెతున్యా.

“నాకలా కనబడింది.”

“నీకు కనబడింది రాయి కాదు, నీ చొక్కా!”

రోజూ వాళ్లిద్దరూ పంచుకు తినే మాంసం రొట్టెను ఆమె ఆ మధ్యాహ్నం ఒక్కతే, గోడ వైపు తిరిగి తినేసింది. ఆ వీపును చూస్తూ మొతుసి కూర్చోలేకపోయాడు. బయటికి పరుగెత్తాడు.

తిరెలో కాంబీ వ్యాన్ల స్టాండు దగ్గర దొరికాడు.

“సార్, హెచ్ మంచి రాయే. పసుపు నా చొక్కాది. కావాలనే వంగాను.”

“ఎందుకయ్యా?”

“మీరు ఆవిడ వేలి గురించి మాట్లాడారు.”

తిరెలో పగలబడి నవ్వాడు. “ఓరి నాయనా! నేను పెళ్లి చేసుకోబోయే ఒరాటిలె, లొబాట్సే ఊళ్లో టీచరు. చెయ్యి అచ్చం సెతున్యాగారి చెయ్యిలాగే ఉంటుంది. తనకి తెలియకుండా కొనాలని ఆ చెయ్యి చూసుకుంటున్నానంతే. ఇంతకీ నీ కడుపుమంట సంగతి ఆవిడకి తెలుసా?”

మొతుసి తల అడ్డంగా ఊపాడు.

ఇద్దరూ కలిసే షాపుకొచ్చారు. “తప్పు నాది, ఆవిడ కంటిది కాదు,” అని అందరి ముందూ ఒప్పుకున్నాడు మొతుసి. తిరెలో హెచ్ రాయే ఖాయం చేసుకుని వెళ్లాడు.

“అంత కుళ్లెందుకు నీకు?” అంది సెతున్యా, రాళ్లు సర్దుతూ.

“ఆయనెవరో వచ్చి నీకే రాయి ఇష్టమని అడిగేశాడు. పక్కనే కూర్చునే నేను ఒక్కసారీ అడగలేదు.”

“అడుగు మరి. నోరుందిగా.”

“నీకే రాయి ఇష్టం, సెతున్యా?”

ఆమె తలెత్తలేదు. “రాయి సంగతి తర్వాత. ముందు మీ మేనమామల్ని మా ఇంటికి పంపు. కన్యాశుల్కం ఎన్ని ఆవులో మా వాళ్లతో తేల్చుకుంటారు. ఆదివారం అందరూ ఇంట్లోనే ఉంటారు.”

మొతుసి గబగబా వెనక గదిలోకి వెళ్లి ఫోన్ తీశాడు.

“మామయ్యా! ఆదివారానికి కోటు ఇస్త్రీ చేయించుకో.”

“అయ్యో, చావులకేగా నేను కోటేసేది, ఎవరు పోయార్రా?”

“ఎవరూ పోలేదు మామయ్యా. పిల్లనడగడానికెళ్లాలి!”

గోడకవతల సెతున్యా నవ్వు ఆపుకోలేకపోయింది.