సువర్చల తుమ్ములు

గాజుగదిలో సువర్చల ముక్కుకి సన్నటి గొట్టం తగిలించుకుని కూర్చుంది. బయట ఆమె తోడికోడలు కనకవల్లి తెర మీంచి చూపు తిప్పడం లేదు. తెర మీద గులాబీరంగు కణాలు ఒక్కొక్కటే ముడుచుకుపోతున్నాయి.

"చస్తున్నాయా డాక్టర్‌గారూ?"

"మేం చంపడం లేదమ్మా, వాటంతట అవే పోతున్నాయి," అన్నాడు డాక్టర్ మస్తాన్‌వలి. "ఈ ఇయోసినోఫిల్స్ అనే రక్తకణాలు చుట్టాల్లాంటివి. పనయ్యాక వెళ్ళిపోవాలి. అలర్జీ ఉన్నవాళ్ళ ఒళ్ళు 'ఉండండి, ఉండండి' అని సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. మా మెషిన్ ఆ సిగ్నల్ ఆపేస్తుంది. అప్పుడు కణం తన సామాను తనే మూటగట్టుకుని ముక్కలవుతుంది. వేరే కణాలు వచ్చి మింగేస్తాయి. వాపు ఉండదు, గోల ఉండదు."

"మా ఇంటికొచ్చే చుట్టాలక్కూడా ఒకటి చేసిపెడుదురూ!"

ఆయన నవ్వాడు. తోడికోడలంటే ఈవిడకి ఎంత ప్రేమో అనుకున్నాడు.

సంగతి అది కాదు. గుంటూరు వీధులకి ఘాటు పీల్చే గొట్టాలొచ్చినా, సుభద్రమ్మగారింట్లో ఏడాది కారం కోడళ్ళే రోట్లో దంచాలి. కాపురానికొచ్చిన నాటి నుంచీ సువర్చలకి మిరపకాయ మూట విప్పితే చాలు, తుమ్ములు. "పాపం, దాన్ని లోపలికి పొమ్మను," అనేది అత్తగారు. చిన్నకోడలు ఫ్యాను కిందికి, పెద్దకోడలు రోకలి దగ్గరికి. బంధువులంతా 'కనకవల్లి కారం' అని అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ పేరు ఆమెకి ప్రాణం. అయినా ఫ్యాను కింద కూర్చున్న మనిషిని చూస్తే కడుపు మండిపోయేది. అందుకే మెషిన్ సంగతి తెలియగానే సువర్చలని తనే వెంటబెట్టుకొచ్చింది.

వైద్యం ఫలించింది. ఆ వేసవి దంపుడునాడు సువర్చల కొంగు బిగించి రోకలి పట్టింది. ఒక్క తుమ్ము లేదు. కనకవల్లి దర్జాగా ఫ్యాను కింద కాళ్ళు చాపుకుంది.

"అక్కా, ఈ కాయలు నువ్వు ఏరినవేనా? ముక్కవాసనేస్తున్నాయి," అంది సువర్చల.

ఎప్పుడూ దిబ్బడేసి ఉండే ముక్కు ఇప్పుడు తెరుచుకుంది మరి. కాయకాయా వాసన చూసి ఏరింది. మెంతులు వేగిన వాసన రాగానే దించింది. మధ్యాహ్నం వేడన్నంలో కొత్త కారం, నెయ్యి కలుపుకుని సుభద్రమ్మగారు ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది.

"ఇన్నేళ్ళూ మనం తిన్నది కారమేనటే కనకం?"

సువర్చల మొగుడు పళ్ళెంలో మళ్ళీ వడ్డించమన్నాడు. కనకవల్లి మొగుడూ అడిగాడు. సాయంత్రం తెనాలి పిన్ని సంగతి విని ఫోన్ చేసి, "సువర్చల కారం నాకో డబ్బా ఉంచండి," అంది.

"నువ్విక హాయిగా కూర్చోవే అమ్మాయ్, దంపుడు చిన్నది చూసుకుంటుంది," అంది అత్తగారు, ఎంతో ప్రేమగా.

మర్నాడు తలుపులు తీయకముందే కనకవల్లి ఆస్పత్రి మెట్ల మీద ఉంది.

"డాక్టర్‌గారూ, పోయిన ఆ కణాల్ని మళ్ళీ పిలవగలరా?"

"ఎందుకమ్మా? మీకేమైనా ఇబ్బందా?"

"నాకు కాదండీ," అంది కనకవల్లి, కళ్ళు ఒత్తుకుంటూ. "మా సువర్చలకి."