ఐస్ పెట్టెలో గాజు పెంకు

"నాలుగున్నరకి సైంటిస్టు నీ కౌంటర్‌కి వస్తాడు. అయిదులోపు అతన్ని విషంతో లేపేస్తారు. ఎవరో, ఎలాగో తెలీదు."

చెవిలో దాచిన రిసీవర్‌లో చీఫ్ గొంతు. ఏజెంట్ నలభై ఒకటి కడిగిన గ్లాసును వెలుతురుకి పెట్టి చూశాడు. లిప్‌స్టిక్ మరక. మళ్లీ కడిగాడు.

మూడు నెలలకని వేసిన బార్‌టెండర్ వేషం ఇది. తొమ్మిదేళ్లయింది. మోకాళ్లు అరిగాయి. వేళ్ల పగుళ్లలో నిమ్మరసం మండుతూనే ఉంది.

"ఇదయ్యాక బదిలీ చేస్తానయ్యా. కూర్చుని చేసే ఉద్యోగం."

"నాలుగేళ్లుగా ఇదే మాట సార్."

నీలం గౌను వేసుకున్న ఒకామె కౌంటర్ ముందు స్టూలెక్కింది. రెండు దేశాలకూ రహస్యాలు మోసే డబుల్ ఏజెంట్. మారుపేరు నెమలి.

"ఈ ఊళ్లో వాన సోమవారమే పడుతుందా?"

"గొడుగు మరిచినవాళ్లకి రోజూ పడుతుంది," కోడ్ అప్పజెప్పాడు నీరసంగా.

"విషం విస్కీలో ఉంటుంది. నన్ను నమ్ము బావా."

"నిన్ను నమ్మే రెండుసార్లు ఆస్పత్రిలో పడ్డాను."

అయినా సీలు తీయని కొత్త సీసా పెట్టాడు.

సైంటిస్టు వచ్చాడు. విస్కీ అడిగాడు. పొద్దున్నే చేరిన కొత్త బార్‌టెండర్ ఉత్సాహంగా ముందుకొచ్చి, గ్లాసునే ఐస్ పెట్టెలో ముంచి ఐస్ తీశాడు. కొత్త సీసాలోంచి విస్కీ పోశాడు. గ్లాసు సైంటిస్టు ముందుకి జరిపాడు.

ఏజెంట్ చెయ్యి ఆగిపోయింది.

గ్లాసుతో ఐస్ తీయడమా! అంచు విరిగి పెంకు పడితే ఐసులో కనపడదు. అందుకే స్కూప్, అంటే ఇనప గరిటె, వాడతారు. మొదటిరోజే తిట్లు తిని నేర్చుకునే పాఠం. వీడేమో ఎనిమిదేళ్ల అనుభవమన్నాడు. పైగా ఎవరూ చెప్పకుండానే ఆ పెట్టెలో ఐస్ నింపింది వీడే.

విషం సీసాలో కాదు. ఐసులో!

గ్లాసు సైంటిస్టు పెదాల దాకా వెళ్లింది.

"సారీ సార్, మరకుంది!" ఏజెంట్ దాన్ని లాక్కున్నాడు. ఐస్ పెట్టె అంచుకి కొట్టాడు. భళ్లుమంది.

"అయ్యో! ఇక ఐసంతా పారబొయ్యాల్సిందే."

కొత్తవాడి మొహం పాలిపోయింది. "ఒక్క గ్లాసుకేనా అన్నా? పెంకులు ఏరేస్తే పోలేదా?"

"ఎనిమిదేళ్లలో నీకీ ముక్క ఎవరూ చెప్పలేదా తమ్ముడూ?"

కొత్తవాడి చెయ్యి నడుం దగ్గరికి పోయింది. ఏజెంట్ బిరడాలు తీసే కార్క్‌స్క్రూ పిడి నొక్కాడు. అందులోంచి దూసుకొచ్చిన మత్తుసూది వాడి తొడలో దిగింది. కొత్తవాడు కౌంటర్ వెనక మెల్లగా ఒరిగాడు.

పరీక్షకి ఒక ఐసు ముక్క షేకర్‌లో దాచి, మిగతాదాని మీద వేడినీళ్లు పోశాడు ఏజెంట్.

"విస్కీలో అన్నావుగా?" అడిగాడు.

"ఐస్ వెళ్లేది అందులోకేగా బావా?" నెమలి నవ్వి లేచిపోయింది.

"శభాష్!" అన్నాడు చీఫ్. "అన్నట్టు, ఆ కొత్తవాడి షిఫ్టు కూడా నువ్వే చెయ్యాలి. మనిషి తగ్గాడుగా. బదిలీ సంగతి తర్వాత చూద్దాం."

ఏజెంట్ కిందికి చూశాడు. కొత్తవాడు హాయిగా గురక పెడుతున్నాడు. తొమ్మిదేళ్లలో ఆ కౌంటర్ వెనక నడుం వాల్చిన మొదటి మనిషి!