నాణెం వెనకవైపు స్త్రీ

కోట ఊరు దాటి సముద్రం వైపు ఆరు కిలోమీటర్లు పోతే నరేంద్రబాబు గారి మేడ. చుట్టూ రొయ్యల గుంటలు. వాటిలో తెల్లటి నురగ రేపుతూ ఏరేటర్లు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. మేడ వెనకున్న గుంటలో మాత్రం తిరగడం లేదు. ఆ నీళ్ళు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. నేను వెళ్ళింది పొద్దున పదకొండింటికి. వాయుగుండం పట్టిందని ముందురోజే చెప్పారు. ఆకాశం తడిసిన గోనెపట్టాలా కిందికి వేలాడుతోంది.

పాత నాణేలకు గ్రేడు ఇవ్వడం నా పని. నాణెం అసలుదా కాదా, ఎంత అరిగింది, తోమారా, బెజ్జం పొడిచి పూడ్చారా, ఇవన్నీ చూసి రాస్తాను. పన్నెండేళ్ళుగా రాస్తున్నాను. కానీ మా చెన్నై ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్ మీద ఒక్కసారి కూడా నా పేరు లేదు. చూసేది నేను, సంతకం పెట్టేది మా పైఅధికారి రాజ్ కుమార్ గారు. "కొనేవాళ్ళకి మగవాడి సంతకమైతే నమ్మకం జబీనా" అని చాలా మర్యాదగా చెబుతారాయన. ఆయన మర్యాద వల్ల నాకు కోప్పడే అవకాశం కూడా లేకపోయింది. నరేంద్రబాబు గారి నాణేల సెట్టు సజావుగా పూర్తి చేస్తే మాత్రం సంతకం నాదేనని మాట ఇచ్చారు.

నరేంద్రబాబు గారు నీలం మఖమల్ పెట్టె తెరిచారు. పద్దెనిమిది వెండి దెనారియస్‌లు. రెండువేల ఏళ్ళ కిందట ఓడలెక్కి ఈ తీరానికి వచ్చిన రోమన్ డబ్బు. ముందువైపు టైబీరియస్ చక్రవర్తి తల, చుట్టూ అతని పేరు. వెనకవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, చేతిలో కొమ్మ. రాజు తల్లి అని కొందరంటారు, దేవత అని కొందరు. ఆమె చుట్టూ రాసింది కూడా రాజుగారి బిరుదే. ఆమె పేరు రాయాలని అచ్చు కొట్టినవాడికి తోచలేదు.

"మా తాతగారి పెట్టెలోవి మేడమ్. ఎవరూ ముట్టుకోలేదు. నగగా వాడారన్న మాట మాత్రం రాయొద్దు. దాంతో రేటు సగానికి పడిపోద్ది."

అడగకుండానే చెప్పే మాటల్ని నేను నమ్మను.

మా పనిలో రెండు చూపులుంటాయి. పొద్దున ఒకసారి చూసి, రాసిన చీటీ కవర్లో పెట్టి అంటించాలి. భోజనం తర్వాత ఆ చీటీ చూడకుండా మళ్ళీ రాయాలి. రెండూ కలవాలి. యజమాని మర్యాదలకు మన కన్ను లొంగకుండా ఈ ఏర్పాటు.

మొదటి చూపులోనే దొరికిపోయింది. ప్రతి నాణెం మీదా, రాజు తల పైన, పూడ్చిన బెజ్జం. నేను వెండిపని హనీఫా కూతుర్ని. టంకం వయసు నాకు చెప్పక్కర్లేదు. పాత టంకం నల్లబడుతుంది. ఇది తెల్లగా మెరుస్తోంది. మూడు నెలలకు మించదు. పైగా నాణేల అంచుల్లో సన్నటి నొక్కులున్నాయి. పక్కపక్కన గుచ్చినవి ఏళ్ళ తరబడి ఒరుసుకుంటే పడే నొక్కులు. వాటిని బట్టి వరసగా పేర్చాను. ఇటు తొమ్మిది, అటు తొమ్మిది కలిశాయి. మధ్యలో కలవలేదు. ఒక నాణెం తక్కువ.

ఇంకొకటి. రాజు మొహమే కొంచెం అరిగింది. వెనకవైపు స్త్రీ మాత్రం నిన్న కొట్టినట్టుంది.

ఫొటోలు తీసి, తూకం వేసి, చీటీ అంటించాను.

భోజనాల బల్ల చుట్టూ ఆరు కుర్చీలు. కిటికీ వైపు కుర్చీ లాగబోయాను.

"అక్కడొద్దు" అన్నారు నరేంద్రబాబు. చప్పున అన్నారు. తర్వాత నవ్వారు. ఇంతలో ఎవరో ఫోన్ చేస్తే గుంటల మీదికి వెళ్ళిపోయారు.

వడ్డిస్తున్న కామమ్మను అడిగాను. "ఎవరి కుర్చీ అక్కా అది?"

"రోజారమణమ్మది. సారు పెళ్ళాం."

"ఎక్కడున్నారు?"

"పుట్టింటికి పోయినాదంట."

"అంటనా?"

కామమ్మ గరిటె గిన్నెలో పెట్టి తలుపు వైపు చూసింది. "నేను చూళ్ళేదు మా. నాలుగు దినాలు మా ఊరికి పోయినా, పులికాట్ పక్కన. తిరిగొచ్చేసరికి ఆమె లేదు. చెప్పులు మెట్ల కాడే ఉండాయి. మూణ్ణెల్లయింది. అయినా ఆమెకి పుట్టిల్లు యాడుంది? అమ్మా నాయనా ఎప్పుడో పోయినారు."

"మెళ్ళో ఏమన్నా వేసుకునేవారా?"

"వెండి బిళ్ళల పేరు. వాళ్ళమ్మమ్మది. నీళ్ళు పోసుకున్నా తీసేది కాదు. రాజు మొహం లోపలికి తిప్పి ఏసుకునేది. ఎందుకుమా అట్లా అంటే, 'ఆయన మొహం అందరికీ ఏం చూపిస్తాంలే కామమ్మా, నా చెమటలో నాననీ' అని పకపకా నవ్వేది."

మూడింటికి రెండో చూపు.

రాజుకి ముక్కు లేదు.

పద్దెనిమిదింటిలోనూ లేదు. తూకం వేశాను. మొదటిది పొద్దున 3.61 గ్రాములున్నది ఇప్పుడు 3.54. మార్చేశాడు, అనుకున్నాను. నేను అన్నం తింటుంటే పెట్టెలో వేరే నాణేలు పెట్టించాడు. ఎవరితో? ఎందుకు? మంచివి తీసి అరిగినవి పెట్టే మోసగాడు ఎక్కడైనా ఉంటాడా? ఫొటోలు పక్కన పెట్టి భూతద్దంతో వెతికాను. అవే గీతలు. అవే నొక్కులు. అదే టంకం. నాణేలు అవే. కానీ రెండు గంటల్లో ఇరవై ఏళ్ళు ఎవరో మెళ్ళో వేసుకుని తిరిగినట్టు అరిగాయి.

అన్నిటినీ సంచిలో వేసి సీలు చేశాను. సీలు మీద అడ్డంగా సంతకం పెట్టి, నా అరచేయి దాని మీద పెట్టుకుని కూర్చున్నాను.

నాలుగున్నరకి వాన దిగింది. కరెంటు పోయింది. గుంటల దగ్గర జనరేటరు మొదలైంది. ఈ ఇంట్లో రొయ్యలకి జనరేటరు, మనుషులకి కొవ్వొత్తి. కామమ్మ ఒకటి వెలిగించి పెట్టి నా పక్కనే నిలబడిపోయింది.

గదిలో ఏదో వాసన. గుంటల నీచు కాదు. కొబ్బరినూనె... చెమట... ఉప్పు. మెడ దగ్గర ఉండే వాసన.

గల్...

చేతి కింద సంచి కదల్లేదు.

గల్... గల్...

భోజనాల గదిలోంచి.

కామమ్మ నా భుజం పట్టుకుంది. వేళ్ళు మంచులా ఉన్నాయి.

"విన్నావా మా..." గుసగుసగా అంది. "ఆమె వంగి వడ్డించేప్పుడు... అట్నే మోగేది."

వాకిట్లో అడుగులు. చప్పుడు ఆగిపోయింది. నరేంద్రబాబు వచ్చాడు. మోకాళ్ళ దాకా పచ్చటి బురద.

"అయిందా?"

"అయింది."

"ఏం రాశారు?"

"నగగా ధరించినవి. బెజ్జాలు ఈమధ్యే పూడ్చారు. మధ్య నాణెం లేదు."

"మధ్యది నా దగ్గరుందని ఎవరు చెప్పారు?"

నీ దగ్గరుందని నేను అనలేదు. ఆ మాట పైకి అనలేదు కానీ అతనికి వినబడినట్టే ఉంది. కామమ్మని చూశాడు, నన్ను చూశాడు.

"ఆ కాగితం మీద నీ పేరు రాదు. ఒక్క ఫోను చాలు."

"ఇన్నాళ్ళూ లేదు. నాకు అలవాటే."

చూపులు రెండూ కలవకపోతే మూడో చూపు ఉంటుంది. అతని ముందే సీలు తెంపాను. నాణేలు వెచ్చగా ఉన్నాయి. ఒంటి మీద నుంచి అప్పుడే తీసినట్టు. కొవ్వొత్తి దగ్గర పెట్టి చూశాను.

రాజు లేడు. మొహం లేదు, పేరు లేదు. నున్నటి వెండి బిళ్ళ.

తలెత్తాను. నరేంద్రబాబు నాణేల్ని చూడటం లేదు. నన్నూ చూడటం లేదు. నా వెనక, తెరిచి ఉన్న తలుపులోంచి భోజనాల గదిలోకి చూస్తున్నాడు.

కుర్చీ జరిగిన చప్పుడు... నిదానంగా.

"లే..." అన్నాడు. పెదవులు మాత్రమే కదిలాయి. "అక్కణ్నించి లే..."

నేను నిలబడే ఉన్నాను. కామమ్మా నిలబడే ఉంది.

"తీసుకుపో" అని అరిచాడు నాతో. "అన్నీ తీసుకుపో!"

నేను తిరిగి చూడలేదు. కామమ్మ చెయ్యి పట్టుకుని వానలోనే కారెక్కాను.

మర్నాడు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాం. కామమ్మ వేలిముద్ర, నా సంతకం. ఆ బిళ్ళల పేరు రోజారమణిదేనని, దాన్ని మూడు నెలల కింద విప్పి బెజ్జాలు పూడ్చారని, మేడ వెనక గుంట మీద అనుమానంగా ఉందని నేను చెబితే, ఎస్సై కాగితం అడిగాడు. "మాట కాదమ్మా, పేరున్న సర్టిఫికెట్ తెండి. వెనక గుంట తోడించాలంటే నాకూ ఒక ఆధారం కావాలి."

చెన్నైలో రాజ్ కుమార్ గారు నా చీటీలు చదివి కళ్ళజోడు తీసేశారు.

"పోలీసు గొడవలో నా పేరెందుకు జబీనా? సంతకం నువ్వే పెట్టుకో."

పన్నెండేళ్ళకి మగవాడి సంతకం మీద నమ్మకం పోయింది, ఆ మగవాడికే.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఎండ బాగానే ఉంది. పక్క బల్ల మీద ఎవరో టీ తాగుతున్నారు. ఫారం ముందు పెట్టుకున్నాను. ముందువైపు: పూర్తిగా అరిగింది. ధరించిన గుర్తులు: ఉన్నాయి. బెజ్జం: పూడ్చారు, టంకం కొత్తది. వెనకవైపు అన్నచోట, ఈ రకం నాణేలకు, మా ఫారంలో ముందే అచ్చేసి ఉంటుంది: కూర్చున్న స్త్రీ. సరిచూసి టిక్కు పెట్టాలి. అంతే.

పటకారుతో మొదటి నాణెం తిప్పాను.

కుర్చీ ఉంది. కాళ్ళు నాలుగూ స్పష్టంగా ఉన్నాయి. చుట్టూ అక్షరాలున్నాయి. కొమ్మ కుర్చీ మీద అడ్డంగా పడి ఉంది.

ఆమె లేదు.

అరిగిపోలేదు. గీకిన గుర్తు లేదు. అచ్చులోనే అలా కొట్టినట్టుంది. రెండోది తిప్పాను. మూడోది... పద్దెనిమిదీ.

నాణేన్ని వేలితో ముట్టుకోకూడదన్నది మా పనిలో మొదటి నియమం. ముట్టుకున్నాను.

వెండి చల్లగా ఉంది. కుర్చీ ఉన్న చోట మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.